పదకొండు ఊఁలు

మరిడమ్మ పెనిమిటి నూకరాజుకి పక్షవాతం వచ్చి మూడేళ్ళయింది. కుడిచెయ్యి పోయింది, కుడికాలు పోయింది, వాటి వెనకాలే మాటంతా పోయింది. గోదావరి మీద ముప్ఫయ్యేళ్ళు జనాన్ని దాటించే పంటు నడిపిన సరంగు ఆయన. ఈ గట్టున నిలబడి ఒక్క కేక వేస్తే ఆ గట్టున టీకొట్టువాడు స్టవ్వు వెలిగించేవాడు. అంతటి గొంతులో మిగిలింది ఒకే ఒక్క ముక్క. ఊఁ. ఆకలేస్తే ఊఁ, దోమ కుడితే ఊఁ, సొంత అన్నగారు పోయారని కబురొచ్చినా ఊఁ.

“మాట్లాడుతూ ఉండమ్మా, విని విని ఎప్పటికైనా మాట తిరగొచ్చు” అన్నాడు డాక్టరు. మరిడమ్మకి ఆ సంగతి వేరే చెప్పాలా? చదువంటే ఆమెది మూడో తరగతి. పలక పగిలింది, ఇంట్లో మళ్ళీ కొనలేదు, అంతటితో సరి. కానీ విన్నది మరవదు, నోరు ఊరుకోదు. మొదటి వారం ఊళ్ళో కబుర్లు చెప్పింది. నూకరాజు కళ్ళు దూలాల మీదే ఉన్నాయి. రెండో వారం ఏం తోచక, ఆయన కాళ్ళు పడుతూ మొదలుపెట్టింది.

“ఓ పంటు బయల్దేరిందంట మావా. ఈ గట్టొదిలింది గానీ, ఎంతకీ ఆ గట్టు కనపట్లేదంట.”

“ఊఁ” అన్నాడు నూకరాజు.

మరిడమ్మ చేతులు ఆగిపోయాయి. అది ఆకలి ఊఁ కాదు, దోమ ఊఁ కాదు. తర్వాతేమైందని అడిగే ఊఁ.

అప్పట్నుంచి రోజుకొక మనిషిని పంటు ఎక్కించింది. బాతుల మందని తోలుకొచ్చినవాడు, కత్తి మరిచిపోయి పొది ఒక్కటీ తెచ్చుకున్న మంగలి, కాపురం వదిలి పొయ్యి నెత్తిన పెట్టుకొచ్చిన ఇల్లాలు. ఎక్కినవాళ్ళంతా తామెందుకు దాటుతున్నారో సరంగుకి చెప్పుకునేవారు. మధ్యాహ్నం హాస్టల్లో వంటపని ముగించుకొచ్చి మరిడమ్మ చెప్పేది, ఆయన ఊఁ కొట్టేవాడు. మూడేళ్ళు పంటుని గట్టుకి తగలనివ్వలేదు ఆమె. తగిలితే సరంగు దిగిపోవాలి కదా. ఆ ముక్క పైకి ఎప్పుడూ అనలేదు, లోపల కూడా గట్టిగా అనుకోలేదు.

కాకినాడలో ‘ఊసు’ అని ఒక కంపెనీ పెట్టారు. మాట పోయినవాళ్ళ కోసం అందులో ఒక ప్రయోగశాల ఉంది. అక్కణ్ణుంచి సౌగంధి అనే డాక్టరమ్మాయి ఒక పెట్టె పట్టుకొచ్చింది. పెట్టె అంటే పెద్దదేం కాదు, బియ్యం కొలిచే తవ్వంత ఉంటుంది.

“ఇది నలభై రోజులు మీరు చెప్పేవి వింటుంది పిన్నిగారూ. తర్వాత మీరు పనికెళ్ళినప్పుడు మీ గొంతుతో బాబాయిగారికి కథ చెప్తుంది. మీరు చెప్పినవే కాదు, చెప్పబోయేవి కూడా.”

“చెప్పబోయేది నాకే తెలీదు గదమ్మడూ!”

“దానికి తెలుస్తుంది.”

ఇద్దరూ నవ్వుకున్నారు. పెట్టెకి తీగ బిగించడానికి సౌగంధి పెరటి గోడ దగ్గరికి వెళ్ళింది. మరిడమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. వసారాలో మంచం పక్కన పెట్టె మెల్లగా, మెత్తగా ఏదో చదవడం మొదలుపెట్టింది. గ్రాంథికంలో ఉంది, మరిడమ్మకి సగం తెలియలేదు. కాస్త చదివి ఆగుతోంది. ఆగిన చోటల్లా నూకరాజు ఊఁ కొడుతున్నాడు.

“అబ్బో, నీకప్పుడే చెవిచ్చేసేడే!” అని టీ వడకడుతూ మరిడమ్మ మురిసిపోయింది.

పదకొండుసార్లు ఊఁ అన్నాడు.

* * *

నలభై రోజులు గడిచాయి. పెట్టె కథ చెబుతోంది, నూకరాజు ఊఁ కొడుతున్నాడు, మరిడమ్మ కొంచెం నిమ్మళంగా పనికి వెళ్ళొస్తోంది. ఒకరోజు హాస్టల్ వంటింట్లో చేపలు తోముతుంటే ఒక కొత్త మనిషి ఆమె తలలోకి వచ్చింది. నిలువెత్తు అద్దం వీపున కట్టుకుని పంటు ఎక్కే ఆడమనిషి. పంటు నడుమకి వచ్చేసరికి గోదావరి మొత్తం అద్దంలోకి దిగిపోతుంది, పంటు కింద ఇసుక తేలుతుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, రేపు చెప్పాలని దాచుకుంది. ఎవరికీ చెప్పలేదు. చేపకి కూడా చెప్పలేదు.

సాయంత్రం వంట కూడా ముగించుకుని ఇంటికి వస్తుంటే పక్కింటి గుమ్మంలో రత్నకుమారి ఫోను పెట్టుకుని మల్లెలు కడుతోంది. ఫోనులోంచి మరిడమ్మ గొంతు.

“...ఈపున అద్దం కట్టుకొచ్చిందంట. నడీ గోదాట్లోకి ఎల్లేతలికి నీళ్ళన్నీ అద్దంలోకి దిగిపోయేయంట...”

మరిడమ్మ అరుగు దగ్గరికి వచ్చి ఫోనుకేసి వంగింది.

“ఏటే, ఎప్పుడు చెప్పేవీ కత? నాకు చెప్పనేలేదు!” అంది రత్నకుమారి నిష్ఠూరంగా. “ఊసోళ్ళు రోజుకోటి ఫోన్లోకి ఒదులుతున్నారు, రాట్రమంతా ఇంటంది నిన్ను. మా సెల్లెలు కొడుకులు అన్నం తినాలంటే నీ పంటే ఎట్టాలి.”

“నేను చెప్పలేదే.”

“నీ గొంతు నాకు తెలీదా?”

ఆ వారం ఏ ఛానల్ తిప్పినా ఊసు కంపెనీ యజమాని ప్రద్యుమ్నే. కాలరు లేని తెల్లచొక్కా, నున్నటి మాట. ఆయన్ని ‘మాటల మహారాజు’ అని పరిచయం చేసిన యాంకరమ్మాయి ముందు ఆయన ఇల్లు చూపించింది, పొద్దున్నే ఏం తాగుతాడో చూపించింది, ఎన్ని గంటలు నిద్రపోతాడో అడిగింది. ఆఖర్న, ప్రకటనలకి వెళ్ళేముందు, ఒక్క ప్రశ్న వేసింది.

“సర్, ఈ పంటు కథలు ఒక హాస్టల్ వంటమనిషివంటున్నారు. మరి హక్కులు?”

“చెప్పిన కథలు ఆ తల్లివే” అన్నాడు ప్రద్యుమ్న నవ్వుతూ. “ఆవిడ చెప్పనివి మావి. చెప్పని కథకి మనిషి ఎలా యజమాని అవుతుంది? అయినా మేం అడగకుండా తీసుకోలేదు. పదకొండు షరతులు చదివి వినిపించాం. కుటుంబం సమ్మతించింది. వినండి.”

టీవీలో నూకరాజు గొంతు వచ్చింది. ఊఁ. ఊఁ. ఊఁ.

“ఇంకో శుభవార్త. వచ్చే పౌర్ణమికి ఆఖరి భాగం విడుదల చేస్తున్నాం. పంటు గట్టు చేరుతుంది.”

మంచం మీంచి నూకరాజు టీవీకేసి చూస్తున్నాడు. మరిడమ్మ గబగబా కట్టేసింది.

ఆఖరు ఏమిటో ఆమెకి తెలుసు. అందరూ దిగుతారు, చివర్న సరంగు దిగుతాడు, ఒట్టి పంటు వెనక్కి కొట్టుకుపోతుంది. మూడేళ్ళుగా నాలుక చివరదాకా వచ్చినప్పుడల్లా ఇంకో మనిషిని ఎక్కించి వెనక్కి నెట్టింది. పెట్టె ఆమె చెప్పబోయేదే చెబుతుంది. అంటే అదే చెబుతుంది. నూకరాజు ఊఁ అంటాడు.

ఆ వెంటనే మంచం దగ్గర కూర్చుని అద్దం మోసుకొచ్చినదాని కథ ఎత్తుకుంది. నాలుగు ముక్కలైనా కాలేదు, పెట్టె గంట కొట్టింది.

“ఈ భాగం నమోదైన రచన. మౌఖికంగా ప్రదర్శించరాదు” అంది మరిడమ్మ గొంతుతోనే. ఆమె ఆపిన చోటినుంచి కథ అందుకుంది. ఆమెకన్నా బాగా చెప్పింది. దగ్గు రాలేదు, తడబాటు లేదు.

“ఊఁ” అన్నాడు నూకరాజు పెట్టెతో.

“నా గొంతెట్టుకుని నన్నే నోరు ముయ్యమంటావే!” అని మరిడమ్మ దాన్ని చీరలో చుట్టి బియ్యం డ్రమ్ములో పడేసింది. మర్నాడు కాగితం వచ్చింది. కథకురాలు ఒప్పందం ప్రకారం పెట్టెని రోగి దగ్గరే ఉంచాలి, అది ఎల్లవేళలా వింటూ ఉండాలి, నమోదైన కథలు నోటితో చెప్పకూడదు, చెబితే నేరం. రత్నకుమారి చదివి వినిపించింది.

* * *

ప్లీడరు దైవసహాయం ఈ గొడవ టీవీలో చూసి, తనంతట తనే రామచంద్రపురం నుంచి స్కూటరు వేసుకొచ్చాడు. అప్పటికి ఊరంతా ఇదే. ఒక ఛానల్లో నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఊఁ అంటే అవునా కాదా అని గంటసేపు కొట్టుకున్నారు. కుర్రాళ్ళు నూకరాజు ఊఁని ఫోన్లలో రింగుగా పెట్టుకున్నారు. రేవులో ఎవరి జేబు మోగినా ఆయన గొంతే.

దైవసహాయం మరిడమ్మని పెట్టెకి దూరంగా కొబ్బరిచెట్ల కిందికి తీసుకెళ్ళాడు.

“ఒక్క సంగతి రుజువు చేస్తే చాలమ్మా. మీ ఆయనకేవీ తెలీదు. తెలీని మనిషి అన్న ఊఁ ఒప్పుకోలు కాదు. ఒప్పందం కొట్టేస్తారు, కథలన్నీ వెనక్కొస్తాయి, ఆఖరి భాగం ఆగిపోద్ది.”

“ఆయనకి తెలుసండి బాబుగారూ.”

“తెలుసని నువ్వంటే వాళ్ళదే గెలుపు. తెలిసే ఊఁ అన్నాడంటారు.”

మరిడమ్మ నమ్మలేదు. సంగతి తెలిసిన సౌగంధి ఉంది కదా అనుకుని బస్సెక్కి కాకినాడ వెళ్ళింది. ప్రయోగశాలలో సౌగంధి ఆమెని చూడగానే లేచి తలుపేసింది. చిక్కిపోయి ఉంది పిల్ల.

“మీరు రాకపోతే నేనే వద్దామనుకున్నాను పిన్నిగారూ. ఇటు చూడండి.”

గోడంత తెరమీద గీతలు. ఒక్కో గీత ఒక్కో ఊఁ అట. నలభై రోజుల్లో పెట్టె విన్న ఊఁలు ఆరువేల చిల్లర. పొడుగు, వంపు, ఊపిరి చూసి యంత్రం వాటిని పోగులు పెట్టింది. పదిహేడు పోగులయ్యాయి.

“ఇది నీళ్ళడిగేది. ఇది దుప్పటి తియ్యమనేది. ఇది వద్దు అనేది, మనం వద్దని ఎప్పుడూ గుర్తించలేదు. ఇదిగో, ఇది మీరు గుమ్మంలోకి రాగానే అనేది, ఇంకెవరొచ్చినా అనలేదు.” సౌగంధి తెర వదిలి ఇటు తిరిగింది. “ఆయనకి మాట పోలేదు పిన్నిగారూ. మాటలన్నీ ఒక్క ముక్కలో కుక్కుకున్నాడు.”

మరిడమ్మ తెర దగ్గరికి వెళ్ళి, గుమ్మం ఊఁ మీద వేలు పెట్టి చూసింది. సన్నగా, చివర్న పైకి లేచి ఉంది.

“మరి ఆ పదకొండూ?”

“అవి కథ ఊఁలు. తర్వాత ఏంటి అని. అవును అని కాదు.”

“ఆ ముక్కే వచ్చి చెప్పమ్మడూ!”

సౌగంధి తల దించుకుంది. “ఈ గీతలు కంపెనీ సొత్తండీ. నేను కనిపెట్టిందీ కంపెనీదే. చేరేటప్పుడే రాసిచ్చేశాను. నిన్న మా సారుకి చూపించాను. ఎంత సంతోషించారో తెలుసా? ‘అయితే ఆయనకి అన్నీ అర్థమవుతాయన్నమాట, విచారణలో మనకిది పనికొస్తుంది’ అన్నారు. కథ ఊఁ, ఒప్పుకోలు ఊఁ వేరని చెప్పబోతే, ‘ఆ తేడా మన పత్రంలో లేదు’ అన్నారు. విచారణలో ఇదే బయటపెడతారు.”

“నువ్వారోజు వసారాలో ఉండాల్సింది.”

“ఉండాల్సింది” అంది సౌగంధి. “వెనకాల తీగ బిగిస్తున్నాను. నాకూ వినపడింది. ఆయన కథ వింటున్నాడని నేనూ సంతోషించాను.”

తిరుగు బస్సులో మరిడమ్మ కిటికీ పక్కన కూర్చుని పదిహేడింటినీ ఒక్కొక్కటే నోట్లో అనుకుంటూ వచ్చి, దిగగానే దైవసహాయానికి సరేనని కబురు పంపింది.

* * *

విచారణ రోజు పొద్దున్న నూకరాజుకి గడ్డం గీసింది. చెవిలో చెప్పాలనుకుంది: మావా, ఈయాల నేనో అబద్ధం ఆడతాను, నువ్వేం అనుకోకు. నోరు తెరిచింది కూడా. మంచం పక్కన పెట్టె పచ్చగా వెలుగుతోంది. అది విన్నదంటే అన్నీ పోతాయి. నోరు మూసుకుని నురగ తుడిచింది. కారులో చెబుదామంటే పక్కన టీవీవాళ్ళు, ముందు సీటులో టీవీవాళ్ళు. దిగాక చెబుదామంటే మూతి ముందు పది మైకులు.

“అమ్మా, ఊఁ అంటే ఏంటమ్మా? ఒక్క ముక్క!”

హాలు నిండిపోయింది. చక్రాల కుర్చీలో నూకరాజు, కంపెనీ వైపు ప్రద్యుమ్న, ఎత్తు బల్ల వెనక విచారణాధికారిణి. దైవసహాయం లేచి నేరుగా కుర్చీ దగ్గరికి వెళ్ళాడు.

“మీ పేరు నూకరాజా?”

“ఊఁ.”

“మీరు ఆడమనిషా?”

“ఊఁ.”

హాల్లో నవ్వులు లేచాయి. మరిడమ్మ గోడకున్న గడియారం చూస్తోంది.

“మీరు చచ్చిపోయారా?”

ఈసారి వెంటనే రాలేదు. గడియారం ముల్లు నాలుగు గీతలు జరిగింది.

“ఊఁ” అన్నాడు నూకరాజు.

మళ్ళీ నవ్వులు. సౌగంధి చూపించిన పదిహేడు మరిడమ్మకి నోటికొచ్చు. ఇది వాటిలో లేదు.

“మరిడమ్మగారూ” అన్నాడు దైవసహాయం. “ముప్ఫయ్యారేళ్ళు కాపరం చేశారు. మీ ఆయన అనే ఊఁకి అర్థం ఉందా?”

గడియారాన్నే చూస్తూ చెప్పింది. “లేదండి.”

“కాస్త గట్టిగా చెప్పండి.”

“లేదండి. ఇల్లు తగలడిపోతందన్నా ఊఁ అంటాడు. మడిసి లేడండి అందులో.”

కంపెనీ ప్లీడరు లేచాడు. ఆయన ఇచ్చిన గీతల కాగితాలని, సొంత యంత్రం గీసుకున్నవి సాక్ష్యం కావని విచారణాధికారిణి పొద్దున్నే పక్కన పెట్టేసింది. వయసు మళ్ళినవాడు, మర్యాదగా అడిగాడు. “మనిషే లేకపోతే మూడేళ్ళుగా ఎవరికి చెప్పావమ్మా కథలు?”

ఈ ప్రశ్న వస్తుందని దైవసహాయం ముందే చెప్పి, జవాబు నేర్పించాడు. ఆమెకి అది గుర్తు రాలేదు.

“ఎవరికీ లేదండి. నోరూరుకోక.”

సాయంత్రానికి తీర్పు వచ్చింది. తెలివిలేని రోగి శబ్దం సమ్మతి కాదు కాబట్టి ఒప్పందం చెల్లదు. చెప్పిన కథలూ చెప్పబోయే కథలూ కథకురాలివే. ఆఖరి భాగం విడుదల చెయ్యకూడదు. బయట టపాకాయలు కాల్చారు. ప్రద్యుమ్న మెట్ల మీద నిలబడి, తీర్పుని గౌరవిస్తున్నామని, కర్ణాటకలో ఇంకొక అవ్వ దొరికిందని చెప్పాడు. మైకులన్నీ అటు పరుగెత్తాయి.

* * *

మర్నాడు కంపెనీవాళ్ళు వచ్చి పెట్టె విప్పుకుని వెళ్ళిపోయారు. గోడమీద నాలుగు చిల్లులు మిగిలాయి.

మధ్యాహ్నం మరిడమ్మ తలుపు దగ్గరగా వేసి, మంచం పక్కన కూర్చుంది. ఇంట్లో వినేవాళ్ళెవరూ లేరు, వాళ్ళిద్దరే.

“అబద్ధం ఆడేను మావా. అలా అంటేనేగానీ ఒదల్రన్నాడు ఆ ప్లీడరు. పెట్టె ఇంటదని నీకు ముందు చెప్పలేదు. నువ్వున్నావని నాకు తెలీదా ఏటి? నీయి పదిహేడు రకాలంట. ఆ పిల్ల గీతలేసి చూపించింది. నేనొచ్చినప్పుడు ఒకటంటావంట గదా, చివర్న పైకి లేపి.”

నూకరాజు కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె ముఖం మీదే ఉన్నాయి.

“నీళ్ళు తాగుతావా?”

గ్లాసు అందిస్తే తాగాడు. మూతి తుడిస్తే తుడిపించుకున్నాడు. దుప్పటి తియ్యనా అంటే పలకలేదు. చెమట పట్టి ఉంటే ఆమే తీసేసింది.

“సరే, కోపం తర్వాత పడుదువుగానీ. అద్దం మోసుకొచ్చినదాని కత నీకు నేను చెప్పనేలేదు. పెట్టె చెప్పింది గానీ దానికేం తెలుసు, అదంతా తప్పు. నేను చెప్తాను ఇను.” కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పట్టడం మొదలుపెట్టింది. “ఒకావిడ నిలువెత్తు అద్దం ఈపున కట్టుకుని పంటెక్కిందంట మావా.”

ఆగింది.

వీధిలో ఎవరి ఫోనో మోగింది. ఊఁ, ఊఁ, ఊఁ. ఎవరో నవ్వుతూ ఎత్తారు.

“సరంగు అడిగేడంట, ఏటమ్మా, అద్దం ఆ గట్టున దొరకదా, అని.”

ఆగింది.

నూకరాజు ఆమెనే చూస్తున్నాడు. నిద్రలో లేడు, నొప్పిలో లేడు. పెదవులు గట్టిగా మూసుకుని ఉన్నాయి. ముప్ఫయ్యారేళ్ళలో ఆయన అలా నోరు బిగించుకోవడం ఆమె చూడలేదు.

మరిడమ్మ చూపు పాదాల మీదికి దించుకుంది. ఆవిడ ఏం చెప్పిందో, పంటు కింద ఇసుక ఎలా తేలిందో, ఇసుక మీద బాతులు ఎలా నడిచాయో, అన్నీ చెప్పింది. అద్దం పగిలి గోదావరి మళ్ళీ ఎలా పారిందో చెప్పింది. వెనకాలే ఇంకొకణ్ణి ఎక్కించింది, వాడి వెనక ఇంకొకణ్ణి. ఎక్కడ ఆగినా ఆ చోటు ఖాళీగా వినపడుతోందని, ఊపిరైనా తీసుకోకుండా, ఎడం లేకుండా, పొద్దు వాలేదాకా చెబుతూనే ఉంది.